మూడు గంటల సమాధానానికి ఒక్క ప్లస్, ఒక్క లైనుకు 64

ప్రశ్న: నమస్తే అండీ. నేను ప్రోగ్రామర్‌ని. రెండేళ్లుగా ఒక ప్రశ్నోత్తరాల సైటులో రాస్తున్నాను. ఇప్పటికి 140 సమాధానాలు రాశాను, ఇతరులకు నేను వేసిన ఓట్లు మాత్రం 11. పోయిన నెల ఒకతను పైథాన్ అనే ప్రోగ్రామింగ్ భాషలో లిస్టు నుంచి డూప్లికేట్లు ఎలా తీసేయాలి, వరుస మారకూడదు అని అడిగాడు. మూడు గంటలు కూర్చుని, అన్ని పద్ధతులూ రన్ చేసి చూసి, వివరంగా రాశాను. నేను రాస్తుండగానే లక్ష పైన పాయింట్లున్న ఒక పెద్దాయన ‘సెట్‌గా మార్చి మళ్లీ లిస్టు చేసుకోండి’ అని ఒక్క లైను పడేశారు. అది తప్పు, సెట్ డూప్లికేట్లు ఉంచుకోదు గానీ వరుసనూ పట్టించుకోదు, వరుస పోతుంది. అయినా దానికి 64 ఓట్లు, ప్రశ్న అడిగినతను నచ్చిన సమాధానానికి పెట్టే టిక్కు కూడా దానికే. నాకు ఒక ప్లస్, ఒక మైనస్. ఆ మైనస్ ఎవరు పెట్టారో, ఎందుకు పెట్టారో తెలియదు. కోపంతో నేనూ ఆయనకు ఒక మైనస్ కొట్టాను. అప్పటినుంచి గంటకోసారి స్కోరు చూసుకుంటున్నాను, రాత్రి మెలకువ వస్తే అప్పుడు కూడా. మా టీంలో ఒక ఫ్రెండు ‘నీవాటికి నేను, నావాటికి నువ్వు ఓట్లేసుకుందాం, అందరూ చేసేదే’ అంటున్నాడు. ఎవరైనా తిట్టినా బాగుండేది. ఎవరూ పట్టించుకోకపోవడమే బాధగా ఉంది. రాయడం మానేయనా?

జవాబు:

మానేయకండి. మీరు పంపిన రెండు సమాధానాలూ చదివాను. చదివి ఊరుకోలేదు, పైథాన్ తెరిచి రన్ చేశాను.

ముందు పెద్దాయన లైనును, ప్రశ్న అడిగినతను ఇచ్చిన ఉదాహరణ మీదే నడిపాను. అతను ఇచ్చిన లిస్టు 1, 1, 2, 3, 3. వచ్చింది 1, 2, 3. వరుస పోలేదు. చిన్న పూర్ణాంకాలను సెట్‌లో వేస్తే చాలాసార్లు అవి పెరిగే వరుసలోనే బయటికొస్తాయి. సెట్ అలా ఇస్తానని ఎక్కడా హామీ ఇవ్వలేదు, లోపల హ్యాష్ లెక్క (ఏ విలువను ఎక్కడ పెట్టాలో తేల్చే లెక్క) అలా కుదురుతుందంతే. తర్వాత అంకెలు తీసేసి పిల్లి, కాకి, పిల్లి, ఆవు అని మాటలు పెట్టాను. ఒకసారి కాకి ముందొచ్చింది. పైథాన్ మూసేసి మళ్లీ తెరిచి నడిపితే ఆవు ముందొచ్చింది. అంటే మీరన్నది నిజం. కానీ ఆ 64 మందీ, టిక్కు పెట్టినతనూ కళ్లు మూసుకుని ఓటేశారనడానికి లేదు. ప్రశ్నలో ఉన్న ఉదాహరణ మీద ఆ లైను పనిచేసింది. పనిచేసింది కాబట్టి నొక్కారు.

ఇప్పుడు మీ సమాధానం. కరెక్టే, విషయంలో వంక పెట్టడానికేం లేదు. కానీ మొదటి పేరాలో లిస్టు అంటే ఏమిటో ఉంది. రెండో పేరాలో హ్యాష్ టేబుల్ కథ. మూడు, నాలుగు పేరాల్లో పనికిరాని పద్ధతులు, అవెందుకు పనికిరావో. అసలు కావలసింది, అంటే లిస్టును డిక్ట్ ఫ్రమ్‌కీస్‌లో (dict.fromkeys, లిస్టులోని వాటితో డిక్షనరీ కట్టేది) వేసి మళ్లీ లిస్టు చేసుకుంటే చాలు, పైథాన్ 3.7 నుంచి డిక్షనరీ తన వరుసను కాపాడుకుంటుంది అన్న ముక్క, ఐదో పేరా చివర దాక్కుని ఉంది. పిల్లి, కాకి లాంటి ఉదాహరణ మీరెక్కడా ఇవ్వలేదు. ‘సెట్ వాడితే వరుస పోయే ప్రమాదం ఉంది’ అని ఊరుకున్నారు. ప్రమాదం ఉందని చెబితే ఎవరాగుతారండీ? కళ్లెదుట పోయి చూపిస్తే ఆగుతారు.

ఆ పేజీకి వచ్చేవాడు పాఠం చదువుకుందామని రాడు. పని మధ్యలో ఎక్కడో ఇరుక్కుని, గూగుల్‌లో వెతికి వస్తాడు. పైన కనిపించిన కోడ్ కాపీ చేసుకుంటాడు, నడిస్తే ట్యాబ్ మూసేస్తాడు. వాళ్లలో చాలామందికి అసలు అకౌంటే ఉండదు. సైట్ల పేర్లు వేరైనా ఓట్ల పద్ధతి దాదాపు ప్రోగ్రామర్ల ప్రశ్నోత్తరాల సైటు స్టాక్ ఓవర్‌ఫ్లోదే కాబట్టి దాని అంకెలే చెప్తాను. ఏళ్లుగా ఉన్న లెక్క ప్రకారం అక్కడ ప్లస్ ఓటు వేయాలంటే 15 పాయింట్లుండాలి, మైనస్ వేయాలంటే 125. అందువల్ల మీ సమాధానం ఎంతమందికి పనికొచ్చిందో స్కోరు చెప్పలేదు. ఆ దారిన ఎంతమంది వెళ్లారు, వాళ్లలో ఆగి బటన్ నొక్కే అర్హత, ఓపిక ఎంతమందికున్నాయి అన్నదే అందులో కనిపిస్తుంది. మీ మూడు గంటలు అందులో ఎక్కడా లేవు. ఉండే వీలు కూడా లేదు.

నా సంగతి చెప్తాను. నాకు ఎక్కువ ఓట్లు తెచ్చిపెట్టిన సమాధానం రెండు లైన్లది: ఫైలులో ఖాళీ లైన్లు తీసేయడం ఎలా అని. బస్సు కోసం నిలబడి ఫోనులో కొట్టాను. ఏళ్లు గడిచినా ఇప్పటికీ వారానికో ఓటు దానికి పడుతూనే ఉంటుంది. రెండు ఆదివారాలు ధారపోసి, అమెరికా లాంటి దేశాల్లో ఏటా గడియారాన్ని గంట వెనక్కి జరిపే రోజున ఒకే సమయం రెండుసార్లు వస్తే షెడ్యూల్ చేసిన పని రెండుసార్లు నడవకుండా ఎలా ఆపాలో ఒకటి రాశాను. మూడు ఓట్లు. నాలుగేళ్లకు ఎవరో కింద ‘ఇది దొరక్కపోతే ఈ రోజు ఇంటికెళ్లేవాణ్ని కాదు’ అని రాసి వెళ్లారు. ఆయన కూడా ఓటు వేయలేదు, బహుశా మర్చిపోయుంటారు. ఆ రెంటిలో దేన్ని చూసి గర్వపడతానో మీకు చెప్పక్కర్లేదు. కానీ పాయింట్లలో మొదటిదే గొప్పది. తేలిక ప్రశ్న అందరికీ ఎదురవుతుంది, చదవగానే తప్పో ఒప్పో తెలిసిపోతుంది. కష్టమైన ప్రశ్నకు వచ్చిన సమాధానాన్ని సరిచూడాలంటేనే ఒక పూట పడుతుంది. సరిచూడలేనివాడు నిజాయితీపరుడైతే ఓటు వేయకుండా ఊరుకుంటాడు.

మీ పెద్దాయన లక్ష పాయింట్ల సంగతి కూడా ఇదే. స్టాక్ ఓవర్‌ఫ్లోలో మొదట పది లక్షల పాయింట్లు దాటింది జాన్ స్కీట్, 2018 జనవరిలో. అక్కడ ఓట్ల ద్వారా రోజుకు 200 పాయింట్లకు మించి రావు. ఓట్లతోనే పది లక్షలు కావాలంటే ఒక్క రోజూ వదలకుండా 5000 రోజులు, అంటే పదమూడేళ్లకు పైనే పట్టాలి. ఆయన పదేళ్లలోపే దాటారు, ఎందుకంటే టిక్కులకు వచ్చే 15 పాయింట్లు, బహుమతిగా ఇచ్చే పాయింట్లు ఆ పరిమితిలోకి రావు. ఆయన ప్రతిభను తక్కువ చేయడానికి చెప్పడంలేదు. కానీ ఆ స్థాయిలో ఉన్నవాళ్లు కొత్తగా ఏమీ రాయని రోజున కూడా పాత సమాధానాలు సంపాదిస్తూనే ఉంటాయి. వడ్డీ మీద వడ్డీ లాంటిది. రెండేళ్ల వయసున్న మీ ఖాతాను దాని పక్కన పెట్టి చూసుకోవడంలో అర్థంలేదు.

ముందు రాసినవాళ్లకే ఎక్కువ ఓట్లు పడటం అన్యాయం కాదా అంటారా? అన్యాయమే. ఆ సైట్లు పుట్టిన రోజుల నుంచీ ఈ గొడవ ఉంది. మొదట వచ్చిన సమాధానానికి ఖాళీ పేజీ దొరుకుతుంది, మొదటి ఓటు దానికే పడుతుంది, ఆ ఓటు ఇంకో ఓటును లాక్కొస్తుంది. ఇది ఊహ కాదు. లెవ్ ముచ్నిక్, సినాన్ అరల్, షాన్ టేలర్ అనే ముగ్గురు పరిశోధకులు ఒక వార్తల సైటులో ప్రయోగం చేసి 2013లో సైన్స్ పత్రికలో రాశారు. 1,01,281 కామెంట్లు తీసుకుని, లాటరీ వేసినట్టు కొన్నిటికి పుట్టగానే ఒక ప్లస్ పెట్టారు, కొన్నిటికి ఒక మైనస్, మిగతావాటిని ముట్టుకోలేదు. ఆ ఒక్క ప్లస్ చూసి తర్వాత వచ్చిన మొదటి పాఠకుడు తనూ ప్లస్ వేసే అవకాశం 32 శాతం పెరిగింది. చివరికి అలాంటి కామెంట్ల స్కోరు సగటున 25 శాతం ఎక్కువగా తేలింది. గొర్రెదాటు అని మనవాళ్లు ఊరికే అన్లేదు.

అదే ప్రయోగంలో మీకు పనికొచ్చే రెండో సగం ఉంది. దొంగ మైనస్ పెట్టిన కామెంట్లు అలా కిందికి జారిపోలేదు. ఎవరో ఒకరు వచ్చి, ‘పాపం, దీనికెందుకు మైనస్’ అనుకున్నట్టుగా ప్లస్ వేసి సరిచేశారు. కాబట్టి ఆ ఒక్క మైనస్ మీ సమాధానాన్ని ముంచేస్తుందని భయపడకండి. స్టాక్ ఓవర్‌ఫ్లో లెక్కలో దాని ఖరీదు 2 పాయింట్లు. ఒక ప్లస్‌కు 10 వస్తాయి. అంటే అయిదు మైనస్‌లు కలిస్తే ఒక ప్లస్ పోతుంది. మైనస్ కారణం చెప్పాలన్న నిబంధన ఎందుకు లేదని చాలామంది అడుగుతారు. చెబితే ఏమవుతుందో చెప్పినవాళ్లనడగండి: కింద పది కామెంట్ల వాదన, అది చాలక వాళ్ల పాత సమాధానాలన్నిటికీ వరసపెట్టి మైనస్‌లు. అందుకే చాలామంది ఓటేసి చప్పుడు చేయకుండా వెళ్లిపోతారు. మీ మైనస్‌కు కారణం నేను ఊహించగలను, ఐదో పేరా దాకా ఆగలేనివాడు ఎవరో అయ్యుంటాడు. ఊహే.

టిక్కు మీద మాత్రం మనసు పెట్టుకోకండి. అది అడిగినతని ఒక్కడి మాట. తనకు ఏది ముందు పనిచేస్తే దానికి పెడతాడు, మళ్లీ ఆ వైపు చూడడు. టిక్కున్న సమాధానాన్ని అన్నిటికన్నా పైన అతికించి ఉంచే పద్ధతిని స్టాక్ ఓవర్‌ఫ్లో కూడా 2021లో మానేసింది.

‘తిట్టినా బాగుండేది’ అన్నారు చూడండి, మీ ఉత్తరంలో నన్ను ఆపింది ఆ మాట. జస్టిన్ చెంగ్, యూరే లెస్కోవెచ్, ఇంకొక పరిశోధకుడు కలిసి 2014లో నాలుగు సైట్ల కామెంట్లను పరిశీలించి ఒక విచిత్రం చెప్పారు. మైనస్‌లు పడ్డవాళ్లు వెళ్లిపోలేదు. ఇంకా ఎక్కువ రాశారు, ఇంకా నాసిగా రాశారు, పైగా ఇతరులకు మైనస్‌లు వేయడం మొదలుపెట్టారు. (మీకు ఎక్కడో విన్నట్టు లేదూ?) ఎక్కువగా వెళ్లిపోయింది ఎవరంటే, మంచీ చెడూ ఏ స్పందనా రానివాళ్లు. అంటే మీ బాధ బలహీనత కాదు, అందరికీ తగిలేదే.

అయితే ఇక్కడ మిమ్మల్ని కాస్త నిలదీస్తాను. రెండేళ్లలో 140 సమాధానాలు రాసి, 11 ఓట్లు వేశానని మీరే చెప్పారు. ఈ రెండేళ్లలో మీరు ఇతరుల సమాధానాల్లోంచి ఎన్ని లైన్లు కాపీ చేసుకుని ఉంటారు? అవన్నీ ఎవరో మూడు గంటలు కూర్చుని రాసినవే అయ్యుండొచ్చు. వాళ్లలో కొందరు మీలాగే రాత్రి లేచి స్కోరు చూసుకుని, చివరికి మానేసి వెళ్లిపోయుంటారు. రోజుకు ఇన్ని ఓట్లని ఒక కోటా ఇస్తారు అక్కడ, పదుల్లో ఉంటుంది. వాడకపోతే అది రాత్రికి వృథాగా పోతుంది, మర్నాటికి మిగలదు. ఓటేస్తే మీ పాయింట్లేమీ తగ్గవు. ఈ రోజు మీ పని నడిపించిన సమాధానం పాతదైనా సరే, పేజీ మూసేముందు నొక్కండి. ముఖ్యంగా సున్నా దగ్గర నిలబడి ఉన్నవాటికి. 64 మీద 65వ ఓటు ఎవరికీ కనపడదు. సున్నా మీద పడ్డ మొదటి ఓటు ఏం చేస్తుందో పైన చెప్పాను.

ఇక మీ ఫ్రెండు సంగతి. వడ్డించేవాడు మనవాడైతే కడపంక్తిన కూర్చున్నా ఫర్వాలేదని సామెత, కానీ ఇక్కడ వడ్డించేవాడు ప్రోగ్రాము. ఒకరి ఖాతా నుంచి ఒకే మనిషి సమాధానాలకు వరసగా ఓట్లు పడితే రోజూ నడిచే స్క్రిప్టు పట్టుకుని వాటిని వెనక్కి తీసేస్తుంది. ఎన్ని పాయింట్లు పోయాయో మీ ఖాతా చరిత్రలో ఒక లైనుగా రాసి పెడుతుంది. మళ్లీ చేస్తే మోడరేటర్ దగ్గరికి వెళ్తుంది, సస్పెండ్ చేస్తే ఆ శిక్షా కాలమంతా మీ పాయింట్లు 1 అని కనిపిస్తాయి. దొరక్కపోయినా నేను వద్దనే అంటాను. ఫ్రెండు వేసిన పది ఓట్లు పడ్డాక, మీ సమాధానం నిజంగా ఎవరికైనా పనికొచ్చిందా లేదా అన్నది మీకే తెలియకుండా పోతుంది. ఇప్పుడున్న ఆ ఒక్క ప్లస్ ఎవరో ముక్కూమొహం తెలియని మనిషిది. దాన్ని కల్తీ చేసుకోవడం ఎందుకు?

ఆ మాటకొస్తే ఈ పాయింట్లు ఎందుకు పుట్టాయో గుర్తుంచుకుంటే టెన్షన్ సగం తగ్గుతుంది. వేలమంది కొత్తవాళ్లు రోజూ వచ్చే చోట ఎవరికి తాళాలివ్వాలో ఎవరూ కూర్చుని నిర్ణయించలేరు. అందుకని లెక్క పెట్టారు: 50 ఉంటే ఎక్కడైనా కామెంట్ రాయొచ్చు, 2,000 ఉంటే ఇతరుల రాతలు నేరుగా దిద్దొచ్చు, 3,000 ఉంటే ప్రశ్న మూసేయడానికి ఓటేయొచ్చు. ఈ మనిషి ఇక్కడి పద్ధతి తెలిసినవాడేనని ఒక ఉజ్జాయింపు, అంతే. ఆ ఉజ్జాయింపును కూడా ఇష్టమొచ్చినట్టు మారుస్తారు. ప్రశ్నలకు పడే ప్లస్‌కు మొదట్లో 10 పాయింట్లుండేవి, 2010లో 5 చేశారు. 2019 నవంబరులో దాన్ని మళ్లీ 10 చేసి, పాత ఓట్లకూ లెక్కగట్టారు. దాంతో చాలామంది ఒక్క అక్షరం కొత్తగా రాయకుండానే తెల్లారేసరికి వేల పాయింట్లు పెరిగినవాళ్లయ్యారు. యాహూ ఆన్సర్స్ అనే ప్రశ్నోత్తరాల సైటులో ఇంకో తమాషా ఉండేది. ప్రశ్న అడిగితే 5 పాయింట్లు పోయేవి, ఏ సమాధానం రాసినా 2 వచ్చేవి, మంచి సమాధానంగా ఎంపికైతే 10. ‘తెలీదు’ అని రాసినా 2 వస్తుంటే జనం ఏం రాస్తారో మీరే ఊహించుకోండి. 2021 మే 4న ఆ సైటు మూసేశారు. ఆ పాయింట్ల కోసం పదిహేనేళ్లు కష్టపడి పై మెట్టు ఎక్కినవాళ్ల ర్యాంకులన్నీ ఆ రోజుతో ఏ గంగలో కలిశాయో ఎవరికీ పట్టలేదు. అక్కడ సమాధానం చదివి తన పని చక్కబెట్టుకున్నవాడికి మాత్రం ఆ పని అయిపోయినట్టే కదా.

స్కోరు చూడటం గురించి: నోటిఫికేషన్లు ఆపేయండి, వారానికి ఒక్కసారి చూడండి. పూర్తిగా మానమంటే మీరు మానరు, నేనూ మానలేకపోయాను.

చివరిగా మీరు కోపంతో కొట్టిన మైనస్. తప్పు సమాధానానికి మైనస్ వేయడం తప్పేం కాదు, అందుకే ఆ బటన్ ఉంది. సమాధానానికి మైనస్ వేస్తే వేసినవాళ్ల నుంచీ 1 పాయింటు కోస్తారు, ఊరికే వేయకుండా ఉండటానికి. కానీ అదే పేజీలో మీ సమాధానం కూడా పోటీలో ఉన్నప్పుడు ఒకసారి ఆలోచించుకోవాలి: నేనిక్కడ ఏమీ రాయకపోయుంటే ఈ ఓటు వేసేవాణ్నా? వేసేవాణ్నే అనిపిస్తే ఉంచండి, కానీ నోరు విప్పండి. ఆయన లైను కింద మర్యాదగా ఇలా ఒక్క కామెంటు రాయండి: ‘ప్రశ్నలోని ఉదాహరణకు బాగానే ఉందండీ, మాటలున్న లిస్టుకు వరుస మారిపోతోంది, పిల్లి, కాకి, పిల్లి, ఆవు పెట్టి రెండుసార్లు రన్ చేసి చూడండి.’ మీ సమాధానం లింకు అక్కడ పెట్టకండి. పెడితే అది సవరణలా కాకుండా ప్రచారంలా ఉంటుంది. లక్ష పాయింట్లున్నవాళ్లలో చాలామందికి ఇలాంటి కామెంటు నచ్చుతుంది. నచ్చనివాళ్లూ ఉంటారనుకోండి.

తర్వాత మీది తెరిచి ఎడిట్ చేయండి. ఐదో పేరా చివరి ముక్కను మొదటి లైనుగా తెచ్చి, దాని కిందే ఆ నాలుగు మాటల ఉదాహరణ పెట్టండి, రెండుసార్లు నడిపితే వచ్చిన రెండు ఫలితాలతో. లిస్టులో లిస్టులుంటే డిక్ట్ పద్ధతీ ఎర్రర్ ఇస్తుంది కదా, ఆ మాట మీరెక్కడా రాయలేదు, అదొక లైను కలపండి. హ్యాష్ టేబుల్ కథ తీసేయొద్దు, నాకు నచ్చింది, చివరికి జరపండి చాలు. ముందొచ్చిన చెవుల కన్నా వెనకొచ్చిన కొమ్ములు వాడి అంటారు గానీ, కొమ్ము కనపడేచోట ఉండాలిగా.

ఓటు వేసిన కొన్ని నిమిషాలకే గట్టిపడిపోతుంది, మార్చుకోవడానికి కుదరదు. పోస్టును ఎవరైనా ఎడిట్ చేస్తేనే మళ్లీ తెరుచుకుంటుంది. కాబట్టి ఆ పెద్దాయన మీ కామెంటు చూసి తన లైను దిద్దుకుంటే మీకు వీలు దొరుకుతుంది. ఆ రోజు వెళ్లి మీ మైనస్ వెనక్కి తీసుకోండి.